కండెమ్ కాని డ్రైవరు

వరదరాయపురం జిల్లా పటాల కార్యాలయంలోకి ఏ వస్తువైనా రావడం కష్టం. వచ్చాక పోవడం అంతకంటే కష్టం. ఆ ఆఫీసు వరండాలో సీటు లేని కుర్చీ ఒకటి, కుర్చీ లేని సీటు ఒకటి పక్కపక్కనే పెట్టి ఉంటాయి. రెండూ వేరువేరు సంవత్సరాల్లో స్టాకులో ఎక్కాయి కనుక వాటిని కలిపి ఒక కుర్చీ చేసే అధికారం జిల్లాలో ఎవరికీ లేదు. వచ్చినవాళ్లు గోడకి ఆనుకుని నిలబడతారు.

అలాంటి ఆఫీసుకి కంప్యూటరులో పెట్టే కొత్త గ్రాఫిక్స్ కార్డు వచ్చిందంటే అది ఒక్క మాణిక్యాంబ పట్టుదల. చొల్లంగి మాణిక్యాంబ అక్కడ హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. మనసు మంచిదే కాని, ఊరుకునే నోరు కాదు. గోదావరికి వరదొస్తే ఏ లంక ఎంత మునుగుతుంది, బోటు ఏ దారిన పోవాలి, జనాన్ని ఏ మెరక మీదికి చేర్చాలి అని చూపించే పటం తయారుచేయడం ఆమె పని. పాత కార్డు ఆ పటాన్ని మోయలేకపోయేది. సగం తెరిచి, ఆయాసపడి, అక్కడే ఆగిపోయేది. అందుకని నిరుడు వరదకి ఎప్పటిదో పాత పటమే బోట్లవాళ్ల చేతిలో పెట్టారు.

ఆ పటంలో రోడ్డున్న చోట ఇప్పుడు గోదారి పాయ ఉంది. పాయ ఉన్న చోట అరటితోటలున్నాయి. పక్క జిల్లా నుంచి సాయానికొచ్చిన బోట్లు పటాన్ని నమ్మి అరటితోటలో ఇరుక్కున్నాయి. కూనలంక జనం తెల్లవార్లూ బడి డాబా మీద వానలో కూర్చున్నారు. కొప్పాడి ధర్మయ్య కోడలికి ఆ డాబా మీదే కాన్పయింది. తల్లీ పిల్లా బాగానే ఉన్నారు. ఆ సంగతి అదృష్టం ఖాతాలో వేయాలి గాని పటాల ఆఫీసు ఖాతాలో వేయకూడదని మాణిక్యాంబ నలుగురిలోనూ అనేసింది. అప్పటినుంచీ కొత్త కార్డు కోసం పైవాళ్లకి అర్జీ మీద అర్జీ రాస్తూనే ఉంది. చివరికి వాళ్లు విసిగి పంపించారు.

కార్డు బిగించడానికి బజారులో కంప్యూటర్లు బాగుచేసే సుభానీ వచ్చాడు. పాతది తీశాడు, కొత్తది పెట్టాడు, స్క్రూలు బిగించాడు, ఆన్ చేశాడు. మాణిక్యాంబ పటం తెరిచింది. పటం మొత్తం తెరుచుకుంది. కాకపోతే జిల్లా అంతా ఒకటే నీలం. గోదారీ నీలమే, లంకలూ నీలమే, మెరక మీదున్న కలెక్టరాఫీసూ నీలమే.

జిల్లా పటాల అధికారి అనంత పద్మనాభంగారు అప్పుడే గదిలోంచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు తెర చూశారు.

"బ్రహ్మాండంగా ఉందండీ. నీలం కంటికి హాయి," అన్నారు.

"నీళ్లేవో నేలేదో తెలియట్లేదు సార్," అంది మాణిక్యాంబ.

"క్రమేణా తెలియవస్తుంది," అని ఆయన గదిలోకి వెళ్లిపోయారు.

సుభానీ తల గోక్కుని చెప్పాడు. "కార్డు కొత్తదండి, డ్రైవరు పాతదండి. అందుకేనండి ఈ తంటా." డ్రైవరంటే ఖాకీ చొక్కా మనిషి కాదని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. కంప్యూటరు మాట కార్డుకీ, కార్డు మాట కంప్యూటరుకీ తెలిసేలా చేసే చిన్న ప్రోగ్రాం అది. పాత కార్డుకి అలవాటుపడ్డ డ్రైవరు కొత్త కార్డుకి అర్థంకాని మాటలు చెబుతోంది. "పాతదాన్ని పూర్తిగా తీసేసి, ఓసారి ఆపి ఆన్ చేసి, కొత్తది వేసుకోవాలండి. టీ చెప్పండి మేడమ్ గారూ, అదొచ్చేలోగా అయిపోద్ది."

టీ వచ్చింది. పని కాలేదు. ఎందుకంటే సుభానీ పాత డ్రైవరు మీద బాణం గుర్తు పెట్టి నొక్కబోతుండగా సూపరింటెండెంటు గవర్రాజు వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం తీసేస్తున్నావయ్యా?"

"పాత డ్రైవరండి."

"అది స్టాకులో ఉంది," అన్నాడు గవర్రాజు.

నిజంగానే ఉంది. కంప్యూటరు కొన్న కొత్తల్లో ఆడిట్ వాళ్లు వచ్చి, పెట్టెతోపాటు వచ్చిన సీడీలో ఏముందో స్టాకులో చూపలేదని అభ్యంతరం రాశారు. గవర్రాజు వెంటనే "గ్రాఫిక్స్ డ్రైవరు - ఒకటి. స్థితి: బాగుంది" అని ఎక్కించేశాడు. అప్పటినుంచీ ఏటా స్టాకు తనిఖీ రోజున బల్లలూ బీరువాలూ లెక్కపెట్టుకుంటూ వచ్చి మాణిక్యాంబ సీటు దగ్గర ఆగేవాడు. "ఉందాండీ?" అనేవాడు. ఆమె కంప్యూటరులోకి తొంగిచూసి "ఉంది" అనేది. ఆయన టిక్కు పెట్టుకుని ఫ్యాను కిందికి వెళ్లిపోయేవాడు.

గవర్రాజు చెడ్డవాడేమీ కాదు. ఆయనకి ముందున్న సూపరింటెండెంటు రిటైరయ్యేనాటికి స్టాకులో ఒక స్టాప్లర్ తక్కువైంది. ఆ స్టాప్లర్ కోసం పెద్దాయన పెన్షను కాగితాలు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ఆయన రోజూ ఆఫీసుకొచ్చి వరండాలో గోడకి ఆనుకుని నిలబడేవాడు. ఆ నిలబడ్డ మనిషిని గవర్రాజు రోజూ చూశాడు. రేపో మాపో తనూ రిటైరవుతాడు.

"పాతది పోతే కొత్తది వస్తుంది కదండీ. లెక్కకి లెక్క సరిపోతుంది," అంది మాణిక్యాంబ.

"కొత్తది కొత్త పద్దండి. పాతది పోతే పోయినట్టే లెక్క. ప్రభుత్వ ఆస్తిని, ఇక పనికిరాదని కమిటీ చేత కండెమ్ చేయించకుండా తీసేస్తే దొంగతనమైనా అవ్వాలి, ధ్వంసమైనా అవ్వాలి. మీరేది రాయమంటారో చెప్పండి."

తన బజారు కంప్యూటరులో పని కానిచ్చేద్దామన్నాడు సుభానీ. వరద పటాలు ఆఫీసు గడప దాటకూడదని మరో నియమం ఉందని గవర్రాజు వినయంగా గుర్తుచేశాడు. సంగతి పద్మనాభంగారి దగ్గరికి పోయింది. పద్మనాభంగారు మాట్లాడేటప్పుడు మనిషే, కలం పడితే మాత్రం గెజిట్ అయిపోతారు. "సదరు డ్రైవరును యథాతథ స్థితిలో ఉంచి, దానిని కండెమ్ చేయు విషయమై కమిటీ వారి పరిశీలనకు సమర్పించవలెను. అంతవరకు దానికి ఎట్టి హాని కలుగకుండ సూపరింటెండెంటు వారు బాధ్యత వహించవలెను" అని రాశారు. బాధ్యత అనే మాట చూడగానే గవర్రాజు కంప్యూటరుకి దుప్పటి కప్పి, తాడు కట్టి, ముడి మీద లక్క సీలు వేసేశాడు.

కమిటీకి పంపే కాగితంలో పొడవు, వెడల్పు, బరువు, రంగు, సంతతి అని గళ్లున్నాయి. బరువెంతని గవర్రాజు సుభానీని అడిగాడు.

"దానికి బరువుండదండి."

"బరువు లేకుండా ఆస్తి ఎలా అవుద్దయ్యా?"

"నేనవ్వమన్నానాండీ? మీరే చేశారు."

చివరికి బరువు దగ్గర "తేలిక" అనీ, రంగు దగ్గర "చూడలేదు" అనీ రాశారు. సంతతి గడి ఎందుకుందంటే, ఆ కమిటీ వేసిన రోజుల్లో పటాల ఆఫీసుకి సర్వే సామాను మోయడానికి ఎద్దులబండ్లుండేవి. ఎద్దులు ముసలివైతే వాటినీ ఈ కమిటీయే కండెమ్ చేసేది. బండ్లు పోయాయి, ఎద్దులు పోయాయి, కమిటీలో పశువుల డాక్టరు మాత్రం శాశ్వత సభ్యుడిగా మిగిలిపోయాడు.

కమిటీ ఒక మంచి రోజు చూసుకుని వచ్చింది. అధ్యక్షుడు రోడ్లూ భవనాలూ చూసే ఇంజనీరుగారు. ఆయన సీలు తీయించి, దుప్పటి తీయించి, తెర మీద డ్రైవరు పేరున్న ఒక్క వరసనీ కళ్లజోడు పెట్టుకుని చదివారు, తీసి చదివారు.

"ఇది పనిచేయుచున్నదా, లేదా?"

"పాత కార్డు ఉంటే పనిచేస్తుందండి. ఇప్పుడది లేదు," అంది మాణిక్యాంబ.

"పాత కార్డు లేనిదే పరీక్ష సాధ్యపడదు. దానిని హాజరుపరచండి."

పాత కార్డు ఆ సరికే ఆఫీసులో లేదు. దానికి బరువుంది, రంగుంది, చేత్తో పట్టుకోవచ్చు. అందుకని తీసిన వారంలోనే కండెమ్ అయిపోయి, వేలంలో పాత ఇనుము కొట్టు వీర్రాజు చేతికి పోయింది. ఇప్పుడు దాన్ని ఒక పూట అద్దెకి తెచ్చారు. వీర్రాజు స్వయంగా సంచిలో పెట్టుకొచ్చి, పరీక్ష అయ్యేదాకా పక్కనే కూర్చున్నాడు. సుభానీ కొత్త కార్డు తీసి పాతది బిగించాడు. డ్రైవరు తన పాత నేస్తాన్ని చూసుకుని చక్కగా పనిచేసింది. తెర మీద రంగులు తళతళలాడాయి. పెద్ద పటం తెరిస్తే మాత్రం మామూలుగానే సగంలో చతికిలబడింది.

"భేషుగ్గా ఉంది కదమ్మా. దీనిని కండెమ్ చేయుట అసంభవం," అన్నారు ఇంజనీరుగారు.

"ఆ కార్డు ఇప్పుడు మనది కాదండి. అదిగో, ఆయనది."

"కార్డు విషయం మా పరిధిలో లేదు. మేము వచ్చినది డ్రైవరు నిమిత్తం."

పశువుల డాక్టరు పాపం సాత్వికుడు. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. "తీసేసేటప్పుడు దానికి బాధేమీ ఉండదు కదా?" ఉండదని సుభానీ హామీ ఇచ్చాడు. డాక్టరు తృప్తిగా తల ఊపి, సంతతి గడిలో "లేదు, కలుగు అవకాశము లేదు" అని రాసి సంతకం పెట్టాడు. వీర్రాజు తన కార్డు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. సుభానీ మళ్లీ కొత్త కార్డు బిగించాడు. జిల్లా మళ్లీ నీలమైంది. గవర్రాజు మళ్లీ దుప్పటి కప్పి సీలు వేశాడు.

మర్నాడు కూనలంక నుంచి ధర్మయ్య వచ్చాడు. పడవ నడుపుకునే మనిషి. రేవు దాటి బజారుకొచ్చినప్పుడల్లా ఆఫీసుకొచ్చి, వరండాలో గోడకి ఆనుకుని, పటం అయ్యిందా అని అడిగి పోతుంటాడు.

"అయ్యిందాండీ అమ్మగారూ?"

"అవుతుంది ధర్మయ్యా," అంది మాణిక్యాంబ. దుప్పటి కప్పుకుని ఉన్న కంప్యూటరు వైపు అతను చూస్తుంటే ఆమెకి సిగ్గేసింది.

"దానికేమైనా జొరవాండీ?"

"దానికి కాదులే, మాకు."

"మాకు పటం ఎందుకండీ, గోదారి మాకు అరచెయ్యి లాంటిది. ఆ వచ్చే బోట్లోళ్లకి తెలీదు కదండీ. నిరుడు వాళ్ల బోటు దీపం మాకు కనపడతానే ఉందండి. అరిత్తే వినపడలేదు. రాత్రంతా ఆ అరటిచెట్ల మధ్య తిరుగుతానే ఉందండి ఆ దీపం." కోపంగా చెప్పలేదతను. మాణిక్యాంబకి కోపం రావడానికి అదే ఎక్కువైంది.

ఆమె నేరుగా అధికారి గదిలోకి వెళ్లి ఎదురుగా కూర్చుంది. "సార్, కండెమ్ దారిలో అది వదిలేలా లేదు. ఇంకో దారి చెప్పండి. లేదంటే ఆ దుప్పటి నేనే లాగి పారేస్తాను, తర్వాత మీరేం రాసుకుంటారో రాసుకోండి." పద్మనాభంగారికి రాయడమంటే ఇష్టమే కాని తన మీద తను రాసుకోవడం ఇష్టం లేదు. ఆయన చాలాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు. పాడైన వస్తువుని కండెమ్ చేస్తారు, సరే. బాగున్న వస్తువు అక్కర్లేకుండా పోతే "మిగులు" అని ప్రకటించి వేలం వేయవచ్చు. "శుభం. వేలం వేయండి," అన్నారు కళ్లు తెరిచి.

టముకు వేయించారు. వేలం రోజున ఆఫీసు ఆవరణలోకి రిక్షాబండ్లు, ఒక ట్రాలీ ఆటో, త్రాసులు వచ్చాయి. సామాను చూపించమన్నారు. గవర్రాజు వాళ్లని వరసగా లోపలికి పంపించాడు. తెర మీదున్న ఒక్క వరసని చూసి వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. ఒకాయన మాత్రం దుప్పటి అమ్ముతారేమోనని అడిగాడు. మిగిలింది వీర్రాజు ఒక్కడే.

"కార్డు మా కొట్లో పడుందండి. జోడీ ఉంటేగాని కొనేవాడు దొరకడు," అని నలుగురికి టీలొచ్చేపాటి పాట పాడాడు. పోటీ లేదు గనక వేలం అతని పేరనే కొట్టేశారు. పెన్ డ్రైవులోకి ఎక్కించి సుభానీ సరుకు అప్పజెప్పాడు. వీర్రాజు దాన్ని చొక్కా జేబులో వేసుకుని, సరుకు ముట్టినట్టు సంతకం పెట్టి వెళ్లిపోయాడు. మాణిక్యాంబ హమ్మయ్య అనుకుని కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఒక్క క్షణమండి," అన్నాడు గవర్రాజు. సరుకు పోయినట్టు టిక్కు పెట్టుకోవడానికి ఆయన అలవాటుగా కంప్యూటరులోకి తొంగిచూశాడు. మొహం పాలిపోయింది. "ఇదేంటండీ, అమ్మిన సరుకు ఇక్కడే ఉంది?"

"కాపీ ఇచ్చామండి. అసలుదాన్ని ఇప్పుడు నొక్కేస్తే సరి," అన్నాడు సుభానీ.

"ఆగు. అంటే ఇప్పుడు రెండున్నాయా?"

"ఉన్నాయండి."

"స్టాకులో ఒకటే ఉంది. రెండోది ఎక్కడినుంచి వచ్చింది?"

అమ్మింది అసలుదా, నకలా? అసలుదే అమ్మితే కంప్యూటరులో ఉన్నది వీర్రాజు ఆస్తి, దాన్ని చెరిపితే సాటి పౌరుడి సొమ్ము పాడుచేసినట్టు. నకలు అమ్మితే అసలుది ఇంకా ప్రభుత్వానిదే, లేని సరుకుకి వేలం పాడించినట్టు. వీర్రాజుని పిలిపించి అడిగారు. "నాదైతే చెరిపేసుకోండి, మీదైతే ఉంచుకోండి. నా బేరం నాకయ్యింది," అన్నాడు. అతని మాట చెల్లదన్నాడు గవర్రాజు, ఏది ఎవరిదో తేలేదాకా అనుమతిచ్చే హక్కు ఎవరికుందో తేలదు కనుక.

పద్మనాభంగారు ఉత్సాహంగా కలం తీశారు. "అసలు ఆస్తి ఏది, తత్సమాన ఆస్తి ఏది అను మీమాంసపై న్యాయశాఖ వారి అభిప్రాయము కోరడమైనది" అని ఒకటి రాశారు. "సంతతి కలుగు అవకాశము లేదని ధ్రువీకరించిన పిమ్మట సదరు డ్రైవరుకు సంతతి ఎట్లు కలిగినదో తెలుపవలెను" అని పశువుల డాక్టరుకి సంజాయిషీ నోటీసు ఒకటి రాశారు. డాక్టరు భయపడి సెలవు పెట్టేశాడు.

న్యాయశాఖ అభిప్రాయం రాలేదు. ఎగువన వానలు మాత్రం వచ్చాయి. గోదారి ఎర్రబడింది, తర్వాత లావైంది, బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. పటాల ఆఫీసు పైకప్పుకి ఒక చిల్లుంది. దానిలోంచి చుక్కచుక్కగా కారుతుంటే మాణిక్యాంబ బల్ల పక్కన బకెట్టు పెట్టారు. రెండో హెచ్చరిక దాటితే లంకల దారులు మునుగుతాయి. బోట్లు పక్క జిల్లాలో బయల్దేరాయని కబురొచ్చింది. వాళ్ల చేతికివ్వడానికి ఆఫీసులో నిరుటి పటమే ఉంది.

ధర్మయ్య తడిసి ముద్దయి వచ్చాడు. "కోడల్నీ పిల్లనీ అవతలి గట్టుకి చేర్చేశానండి. ఊళ్లో అందరికీ అవతల చుట్టాలుండరు కదండీ," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. వరండాలో ఆనుకునే గోడ కూడా తడిసిపోయి ఉంది.

గవర్రాజుకి కూడా మనసు బాగాలేదు. బకెట్టులో పడుతున్న చుక్కల్ని చూస్తూ, సగం తనతోనూ సగం మాణిక్యాంబతోనూ అన్నాడు. "ఎంతైనా పెద్ద వరద రోజులే రోజులండి. అప్పుడు నీళ్లు ఆఫీసులోకొచ్చాయి. దాంతో ఎన్నేళ్లుగానో లెక్క తేలనివన్నీ ఒక్క పూటలో కొట్టుకుపోయాయి. గోడ గడియారం కూడా పోయింది."

"ఏ గడియారం? ఇప్పుడు పాత పెద్దక్లర్కుగారి ఇంటి హాల్లో ఉన్నదా?"

"అదేనండి. అక్కడిదాకా కొట్టుకుపోయింది. ఆడిట్ వాళ్లు నోరెత్తలేదండి. నియమం అలాంటిది."

మాణిక్యాంబ కుర్చీలోంచి లేచింది. "ఆ నియమం ఓసారి చదవండి."

గవర్రాజుకి చదవక్కర్లేదు, నోటికొచ్చు. "ప్రకృతి వైపరీత్యమున నీటి వలన నష్టపోయిన ఆస్తిని, ఇద్దరు సాక్షుల వాంగ్మూలముపై, కమిటీతో నిమిత్తము లేక తక్షణమే స్టాకు నుండి తొలగించవచ్చును."

"ఆ నీరు గోదారిదే అయ్యుండాలని ఉందా?"

"లేదండి."

"ఎంత నీరని ఉందా?"

"లేదండి," అన్నాడు గవర్రాజు. అన్నాక ఆమె మొహంలోకి చూశాడు.

మాణిక్యాంబ వంగి బకెట్టుని పక్కకి జరిపింది. కంప్యూటరు బల్లని కాస్త ఇటు లాగింది. పైనుంచి ఒక చుక్క రాలి దుప్పటి మీద, సరిగ్గా లక్క సీలు పక్కన పడింది. గవర్రాజు ఆ తడి మచ్చని చూశాడు. వరండాలో నిలబడే పెద్దాయనా, అదే వరండాలో ఇప్పుడు నిలబడ్డ ధర్మయ్యా ఇద్దరూ ఆయనకి గుర్తొచ్చి ఉంటారు. జేబులోంచి చాకు తీసి సీలు తనే కోశాడు.

"వరదొచ్చేసిందండి," అన్నాడు మెల్లగా. "సుభానీని పిలవండి."

సుభానీ గొడుగు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. మాణిక్యాంబ టీ చెప్పింది. అతను ఆ వరస మీద నొక్కాడు. తెర నల్లబడింది. గవర్రాజు కళ్లు మూసుకున్నాడు. తెర తిరిగొచ్చింది. కొత్త డ్రైవరు వేసి, ఓసారి ఆపి ఆన్ చేసి పటం తెరిస్తే జిల్లా కళ్లముందుకొచ్చింది. గోదారి నీలంగా ఉంది, మెరక పచ్చగా ఉంది, మునిగే పల్లం పసుపు, బోటు దారి ఎర్రగీత. కూనలంక బడి డాబా చిన్న చుక్కై కనిపిస్తోంది. అరటితోటల్ని తప్పించుకుంటూ ఎర్రగీత సరిగ్గా దాని గుమ్మం దాకా పోయింది. మాణిక్యాంబకి కళ్లు చెమర్చాయి. ఆమె దాచుకోలేదు. టీ ఇంకా రాలేదు.

ప్రింటరు నడుస్తుండగానే గవర్రాజు సాక్షుల వాంగ్మూలం రాసుకున్నాడు. ఆయన లెక్క ఆయనది.

"డ్రైవరు పోవడం మీరు కళ్లారా చూశారా?"

"నా కళ్లముందే పోయిందండి," అన్నాడు సుభానీ. అందులో అబద్ధం లేదు.

ధర్మయ్య తడి చేతులు పంచెకి తుడుచుకుని సంతకం పెట్టాడు. "గోదారి మీద పుట్టి పెరిగినోణ్ణండి. ఇంత సులువుగా కొట్టుకుపోయిందాన్ని నేనెప్పుడూ చూళ్లేదు."

పటాలు బోట్లెక్కాయి. రెండో హెచ్చరిక ఎగిరేసరికి కూనలంకలో ముసలీ ముతకా, పిల్లా మేకా మెరక మీదున్న కల్యాణమండపంలో చాపలు పరుచుకుని, చారులో ఉప్పెక్కువైందని వంటవాళ్లతో తగువాడుతున్నారు. ఒక్క బోటూ అరటితోటలోకి పోలేదు.

వరద తీశాక పద్మనాభంగారికి ప్రశంసాపత్రం వచ్చింది. దానితోపాటే, కొట్టుకుపోయిన డ్రైవరు కోసం ఏమి గాలింపు జరిపారని ఒక మెమో కూడా వచ్చింది. ఆయన గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గరి మండలం తహశీల్దారుకి రాశారు. "విచారించగా రెండు గేదెలు, ఒక గడ్డివామి, ఒక పెళ్లిపందిరి ఒడ్డుకు చేరినవి. డ్రైవరు వంటిదేదియు కానరాలేదు" అని జవాబొచ్చింది. ఆ జవాబుతో ఫైలు మూతపడింది. గవర్రాజు ఆ రోజు ఇంటికి స్వీట్లు పట్టుకెళ్లాడు.

నెల తిరక్కుండా పైనుంచి ఇంకో కాగితం వచ్చింది. వరదలో నష్టపోయిన కార్యాలయాలని ఆదుకోవడానికి ప్రభుత్వం సంకల్పించిందనీ, పోయిన ప్రతి ఆస్తికీ బదులు అచ్చంగా అలాంటి దాన్నే స్థానికంగా కొని వెంటనే అమర్చి, నివేదిక పంపాలనీ దాని సారాంశం. అచ్చంగా అలాంటి డ్రైవరు జిల్లా మొత్తం మీద ఒక్కడి దగ్గరే ఉంది. వీర్రాజు చొక్కా జేబులోంచి అదే పెన్ డ్రైవు తీసి, ఇచ్చినదానికంటే బాగా ఎక్కువకే అమ్మాడు. జోడీ విడదీస్తే కార్డుకి గిరాకీ పడిపోతుందన్నాడు.

గవర్రాజు పెన్ డ్రైవుని రెండు చేతుల్తో పట్టుకుని మాణిక్యాంబ దగ్గరికి వచ్చాడు. స్టాకులో ఎక్కించేశాడు కూడా. మొహం దీనంగా ఉంది. "వెంటనే అమర్చమన్నారండి."

"ఇదేస్తే మళ్లీ జిల్లా నీలమేనండి," అన్నాడు పక్కనున్న సుభానీ.

మాణిక్యాంబ పెన్ డ్రైవు అందుకుని పైకప్పు వైపు చూసింది. చిల్లులోంచి ఒక ఎండ ముక్క బల్ల మీద పడుతోంది. "ఈ కప్పు రిపేరుకి ఎప్పుడొస్తున్నారు?"

"రేపేనండి. శాంక్షనైపోయింది. మేస్త్రీ పొద్దున్నే వస్తానన్నాడు."

"అమర్చమన్నారు, అమరుద్దాం. వాన పడ్డప్పుడల్లా మళ్లీ కొట్టుకుపోతుంది," అంది మాణిక్యాంబ. "మీరు మాత్రం మేస్త్రీ వచ్చేలోగా ఆ చిల్లుని స్టాకులో ఎక్కించేయండి గవర్రాజుగారూ. ఇక దాన్ని పూడ్చే మొనగాడు ఈ జిల్లాలో ఉండడు."

ఉద్యోగంలో చేరాక మొదటిసారి గవర్రాజు మొహంలో నవ్వులాంటిది కనిపించింది. కుర్చీ ఎక్కి, స్కేలుతో కొలిచి, కిందికి దిగి, కళ్లజోడు సవరించుకుని రాసుకున్నాడు.

"చిల్లు - ఒకటి. స్థితి: బాగుంది."